మట్టి అడిగిన యోధుడు

శేషయ్య మాస్టారు పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది పక్కింటి లావణ్య. వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. ఘాటుకు ముక్కు కారుతోంది, వేళ్లు మండుతున్నాయి. "ఆ చేతులు కళ్లకి తగలనీమాకే" అంటూనే తను ఏడ్చేసింది.

మాస్టారు మా వీధిలోనే ఉండేవారు, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నాకు చిన్నప్పుడు ఉబ్బసం. మిరప కోతలు మొదలైతే ఊరంతా ఘాటే, ఊపిరాడేది కాదు. బడి మానేసిన నాకు ఆయనే సాయంత్రాలు ఇంటికొచ్చి పదో తరగతి దాకా చదువు చెప్పారు. అల్లా నాకు చేసిన మేళ్లలో ఆయనొకరు.

ఇంజనీరింగ్ హాస్టల్ నుంచి లావణ్య ఒక ఆట తెచ్చింది. తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ, కలిసి కథ అల్లుకునే ఆట. కథ నడిపే పని మాస్టారికి అప్పగించింది. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన అరుగు మీద ఆడేవాళ్లం. నా వంతుకు చచ్చి లేచిన యోధుడు వచ్చాడు. తుప్పు కవచం, లోపల ఎముకలు. అతని పూర్వకథ నేనే రాసుకురావాలి.

"మాస్టారూ, చచ్చినవాణ్ణి లేపడం పాపం కాదాండీ?" అని అడిగాను.

"లేపేది నువ్వా? నీకంత సీను లేదులే కాశింబీ. వాడెందుకు పడుకోలేకపోయాడో అది చూడు, చాలు."

పగ, వెన్నుపోటు, తగలబడిన కోట అంటూ నాలుగు పేజీలు రాసుకెళ్లాను. ఆయన ఓపిగ్గా చదివారు. "పగోడు చస్తే వీడు పడుకోవాలి గదా. నూరేళ్లుగా ఎందుకు తిరుగుతున్నాడు?"

"కాళ్లనొప్పులుండవు గదండీ, అందుకు!" అంది లావణ్య.

ఆ వారం మళ్లీ రాశాను. మా వాళ్లలో ఖననానికి వచ్చినవాళ్లు సమాధిలో తలా మూడు గుప్పిళ్ల మట్టి వేస్తారు. నా యోధుణ్ణి పరాయివాళ్లు హడావిడిగా పూడ్చేశారు. అయినవాళ్ల చేతి మట్టి పడలేదు. అందుకే లేచాడు. ఎదురైనవాళ్లందరినీ మట్టి వేయమని అడుగుతాడు, వాళ్లు భయపడి పారిపోతారు. చివరి పేజీ నేను చదవలేక మాస్టారి చేతికిచ్చాను.

మాస్టారు కళ్లజోడు తీశారు. "ఇది మీ నాన్న సంగతి గదమ్మా."

నాన్న కరోనాతో పోయారు. ఆసుపత్రి నుంచే తీసుకెళ్లి పూడ్చేశారు. మా చిన్నాన్నల్ని కూడా రోడ్డు మీదే ఆపేశారు. నాన్న మీద ఎవరి గుప్పిటి మట్టీ పడలేదన్న బాధ రెండేళ్లుగా ప్రతి నమాజులోనూ నాకు అడ్డొచ్చేది. ఎవరికీ చెప్పుకోలేదు.

మాస్టారు ఆ వారమంతా స్కూటర్ మీద తిరిగి, ఆ పని చేసినవాళ్ల ఆచూకీ అడిగారట. తరువాతి ఆదివారం ఒకాయన్ని వెనక కూర్చోబెట్టుకొచ్చారు. పేరు ఏసోబు. ఆ రోజుల్లో మా గోరీల దగ్గర గుంటలు తీసి పూడ్చింది ఆయనే. లావణ్య కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మొహాలు మాకు చూపిచ్చేవోళ్లు కాదు తల్లీ, మీ నాయన ఎవరో నాకు తెలవదు" అన్నాడు. "కానీ నా సావాసగాడు మస్తాను పోయినప్పుడు మీవోళ్లు మూడు గుప్పిళ్లు ఏయటం చూశా. తొందరగా కానీమని పైనుంచి ఒకటే అరుపులు. అయినా ఒక్కరికి కూడా ఎగ్గొట్టలా. మూడేసి, ఆనక పార పట్టేవోణ్ణి. చేతికి తొడుగులుండేయి, ఉత్త చేత్తో ఏయలేకపోయా. అదొక్కటే నా బాధ."

రెండు చేతులూ జోడించాను. ఆయన కంగారుపడి తలగుడ్డ సర్దుకున్నాడు.

ఏసోబు వెళ్లాక మాస్టారు పాచికలు నా ముందు పెట్టారు. "ఇప్పుడేం చేస్తాడమ్మా మీవాడు?"

"పడుకుంటాడండీ."

"సరే. ఇంకో పాత్ర రాసుకో" అన్నారు, అంతే.

ఇప్పుడు నేను మా వీధి ఆడపిల్లలకు చదువు చెబుతున్నాను. ఎవరైనా మొండికేస్తే కోప్పడే ముందు, ఈ పిల్లకి ఏ లోటు తీరలేదో అని ఆగి చూస్తాను. అలా ఆగి చూడటం మాస్టారు నేర్పిందే. ఆయన్ని తలుచుకునే శిష్యులు ఊరూరా ఉన్నారు. ఏసోబుకు అలాంటివాళ్లు లేరు. మీరు ఏ దేవుడికి మొక్కినా సరే, ఈ పూట ఏసోబు పేరు ఒక్కసారి తలుచుకోండి.