మా ఓనరు గారి చెవిలోని ఈగ

మధురానగర్‌లో మేడమీది గదిలో అద్దెకున్న రోజుల్లో, మా ఇంటి ఓనరు గారికి ఎడమ చెవి కారుతుండేది, వినికిడీ తక్కువే. ఆ చెవి పైకి పెట్టుకుని మధ్యాహ్నాలు వరండాలో నిద్రపోయేవారు. ఒకరోజు చెవిలో ఏదో నడుస్తోందని గోల పెడితే పంజాగుట్టలో డాక్టరుకు చూపించారు. ఆ డాక్టరు చెవిలోంచి పదకొండు పురుగులు తీసి, ఏ జాతి ఈగవో తేల్చమని నేను పనిచేసే ల్యాబుకు పంపాడు. ఆ సీసా నా బల్ల మీదికే వచ్చింది.

సాయంత్రం ఆయన చెవిలో దూదితో మెట్లెక్కి వచ్చారు.

"బిడ్డా, నువ్వు ఆదివారం తలుపులేసుకొని ఎండుచేపలు వేంచుతవు. గా వాసనకే వచ్చిందా ఈగ. నువ్వే పరీక్ష జేస్తున్నవంట గదా. జర నిజం రాయి."

ఆ ఇంట్లో నీచు వండకూడదన్నది అద్దె షరతు. నేరం నాదే, విచారణా నాదే.

ఏడు పురుగులను వేడినీళ్లలో వేసి, స్పిరిట్‌లో పెట్టి, వెనక కొసనుండే శ్వాసరంధ్రాలను మైక్రోస్కోపులో చూశాను. ఏ జాతో అనుమానమైతే కలిగింది కానీ, రూఢి కావాలంటే పురుగు ఈగగా మారి బయటికి రావాలి. ల్యాబులో ఏసీ చలికి అది జరగదు. మిగిలిన నాలుగింటిని ఇసుక పోసిన సీసాలో వేసి, మూతికి దోమతెర గుడ్డ కట్టి, నా గది కిటికీలో పెట్టాను. అవి ఇసుకలోకి దూరిపోయాయి.

మర్నాటి నుంచి ఆయన రోజూ పొద్దున్నే పైకి వచ్చేవారు.

"ఏమన్న తింటున్నయా?"

"ఇప్పుడేం తినవు అంకుల్. తినేదంతా మీ చెవిలోనే తినేశాయి."

ఎండ తగులుతోందని సీసాను ఆయనే నీడకు జరిపేవారు. "నా మోకాళ్ల నొప్పుల గురించి ఒక్కనాడన్న గిట్ల అడగలే," అని కింద నుంచి వాళ్లావిడ అనేది.

ఎనిమిదో రోజున రెండు ఈగలు వచ్చాయి. నీలి ఆకుపచ్చ మెరుపు, ఎర్రటి కళ్లు. పుస్తకంతో పోల్చి చూసి ఆయనకు చెప్పాను. ఇది చెత్త మీద, చచ్చిన చేపల మీద గుడ్లు పెట్టే రకం కాదు. బతికున్న ప్రాణి ఒంటి మీది పుండునే వెతుక్కుంటుంది.

"అంటే నా కోసమే వచ్చిందన్నట్టు," అన్నారాయన. "పేరేంది?"

"క్రైసోమియా బెజ్జియానా."

"చెవి బెజ్జంల గుడ్లు పెడ్తదనే గా పేరు పెట్టిన్రు."

"కాదంకుల్, అది ఒక శాస్త్రవేత్త పేరు."

"నువ్వు చిన్నదానివి, నీకు తెల్వదు."

ఈగలను చంపి, సూదికి గుచ్చి దాచాలని చెబితే ఆయన ముఖం చిన్నబోయింది. "ఒక్కదాన్ని ఇడిస్తే ఏమైతది?"

"ఇంకొకళ్ల చెవిలో దూరుతుంది."

"గదీ నిజమే," అని కిందికి దిగిపోయారు. ఆ వారమంతా, తనకు వచ్చింది మామూలు ఈగ కాదని కాలనీలో కనపడినవాళ్లందరికీ చెప్పారు. ఎండుచేపల మాట మళ్లీ ఎత్తలేదు.

రెండు నెలల తర్వాత ఆపరేషన్ చేసి కర్ణభేరికి ఉన్న రంధ్రం మూశారు. కట్టు విప్పిన రోజున వాళ్లావిడ ఎప్పటిలాగే వంటింట్లోంచి కేకేసి టీ తాగుతారా అని అడిగింది.

"ఎందుకే గంత ఒర్లుతవు?" అన్నారాయన.

ఆవిడ గరిటె పట్టుకుని బయటికొచ్చి, ఆయన వంక చాలాసేపు చూస్తూ నిలబడిపోయింది.