పెద్దమేస్త్రీ లాగిన్

చిన్న చిన్న ఆఫీసులకు డేటాబేసులు తయారుచేసి ఇవ్వడం నా పని. ఎవరు లోపలికి రావచ్చు, ఎవరు చూసి ఊరుకోవాలి, ఎవరు మార్చవచ్చు అన్నది తేల్చడంలోనే సగం ఆయుష్షు పోతుంది. అందరికీ అన్ని హక్కులూ కావాలి, తప్పు జరిగితే మాత్రం ఎవరికీ ఏమీ వద్దు. ఈ పంచాయితీలు తీర్చీ తీర్చీ నాకు నోరు ఎక్కువని పేరొచ్చింది.

ఎర్రగుంట్ల దగ్గర ఒక సున్నపురాయి గనికి అలాంటిదే ఒకటి చేశాను. మధ్యాహ్నం కూలీలు అన్నాలకు పైకి వచ్చాక గనిలో తూటాలు పేలుస్తారు. అంతకుముందు గేటు గదిలోని కంప్యూటర్‌లో 'గని ఖాళీ' అనే బటన్ నొక్కాలి. అది పడితేనే సైరన్ మోగిస్తారు, ఆ తర్వాతే పేలుడు. ఆ బటన్ పెద్దమేస్త్రీ లాగిన్‌లో తప్ప ఇంకెవరి స్క్రీన్ మీదా కనిపించదు. యజమాని అలాగే కావాలన్నాడు.

పెద్దమేస్త్రీకి చిన్న అక్షరాలు ఆనేవి కావు. తన ఎద్దు పేరే పాస్‌వర్డ్‌గా పెట్టుకుని, పక్కన ఎవరుంటే వాళ్ళను పిలిచి గట్టిగా చెప్పి కొట్టించేవాడు. "ఊరంతా చాటింపు వేస్తే ఇంక తాళమెందుకు పెద్దాయనా?" అని నేను కసిరితే, "తాళం నా కాళ్ళల్లో ఉండాది లేమ్మా" అని నవ్వేవాడు. అదీ నిజమే. గనంతా తిరిగి, మూలమూలా చూసి, పైకి వచ్చాక బటన్ మాత్రం తన వేలితోనే నొక్కేవాడు.

మొన్న ఎండాకాలంలో ఆయన నిద్రలోనే పోయాడు. వారం తిరక్కుండానే కొత్త మేస్త్రీకి లాగిన్ చేసివ్వమని యజమాని కబురుపెడితే వెళ్ళాను. మనసు బాగాలేదు. నా కసుర్లకు నవ్వే మనుషులు నాకు ఎక్కువమంది లేరు.

ఆఫీసు గదిలో కూర్చుని యూజర్ల పట్టిక తెరిచాను. పెద్దమేస్త్రీ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. అంటే ఆ పేరుతో ఇప్పుడు ఎవరో లోపల ఉన్నారు. వెనక్కి వెళ్ళి చూశాను. నిన్నా వచ్చాడు, మొన్నా వచ్చాడు. పోయిన మర్నాడు కూడా వచ్చి, ఎప్పటి వేళకే గని ఖాళీ అని చెప్పాడు. నేను రాసిన ప్రోగ్రామే, అయినా ఒళ్ళు జలదరించింది. నేను చూస్తుండగానే ఆ రోజుది కూడా పడింది. గని ఖాళీ.

లేచి గేటు గదికి నడిచాను. తెల్లటి దుమ్ము మీద ఎండ కళ్ళు పొడుస్తోంది. మిషన్లు ఆగిపోయి, ఎక్కడా అలికిడి లేదు. గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. దాని వీపు మీద పెద్దమేస్త్రీ తువ్వాలు ఫ్యాన్ గాలికి లేచి పడుతోంది. కంప్యూటర్ ముందు గ్లాసులో టీ, పైన మీగడ కట్టి ఉంది. స్క్రీన్ మీద ఆయన పేరు.

గేటు గుమాస్తా, కొత్త మేస్త్రీ బయట నీడలో నిలబడి ఉన్నారు.

"ఎవరప్పా ఇందాక నొక్కింది?"

గుమాస్తా నేలచూపులు చూశాడు. "నేనే మేడమ్. నిలబడుకునే నొక్కినా, కుర్చీలో కూకోలేదు."

"ఆయన పేరుతో ఎందుకు?"

"కర్మ దివసాలు ఇంకా కాలేదు గదా మేడమ్. అంతవరకు ఆ కుర్చీ, ఆ పేరు ఆయప్పవే. టీ గూడ దినామూ పెడ్తాండాం. ఆయప్ప పేరు పడితే ఏమీ కాదు."

"సరే. దిగి చూసింది ఎవరు?"

గుమాస్తా కొత్త మేస్త్రీ వైపు చూశాడు. కొత్త మేస్త్రీ, "నా పేరు యాడ ఉండాది దాంట్లో?" అన్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ కుర్చీ వైపు చూశారు. ఎంత మామూలుగా చూశారంటే, జవాబు వస్తుందేమోనని నేనూ చూశాను.

సైరన్ మోగించే మనిషి స్విచ్చు దగ్గరికి నడుస్తున్నాడు. గనిలో తూటాలు నింపి ఉన్నాయి.

"ఆగప్పా!" అని అరిచి, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. "అయ్యో మేడమ్!" అని గుమాస్తా నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. తువ్వాలు నా మెడకు తగిలింది. భయం వేసింది, దాచుకోను. భయంతోనే అడ్మిన్‌గా లోపలికి వెళ్ళి 'గని ఖాళీ' రద్దు చేశాను. పెద్దమేస్త్రీ పేరుకున్న అనుమతి తీసేసి, కొత్త మేస్త్రీ పేరు చేర్చి, ఆ బటన్ అతనికిచ్చాను.

"పాస్‌వర్డ్ నువ్వే కొట్టు. పైకి చెప్పావంటే ఊరుకోను."

అతను ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టాడు. బటన్ వచ్చింది. మౌస్ మీద చెయ్యి వేసి, స్క్రీన్ పైభాగంలో ఉన్న తన పేరు చూసుకున్నాడు. చెయ్యి తీసేశాడు.

"ఒగసారి చూసొస్తా" అని గనిలోకి దిగాడు.

అతను వచ్చేదాకా గుమాస్తా గదిలో అడుగు పెట్టలేదు. చాలాసేపటికి దారి మీద ఇద్దరు మనుషులు కనిపించారు. వెనక వస్తున్నది కూలీలకు నీళ్ళందించే ముసలామె, చంకలో బిందెతో. తూటాలు నింపిన చోటికి పక్కనే, రాతి చాటున నీడ ఉంటే కొంగు పరుచుకుని నిద్రపోయిందట. కొత్త మేస్త్రీ గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

జరిగింది గుమాస్తా ఆమెకు చెప్పాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమె చెయ్యి పట్టుకుందామని కుర్చీలోంచి లేచాను. ఆమె నావైపు కోపంగా చూసింది.

"ఆయప్ప పేరు తీసేస్తివంట?"

"ఆయన పోయాడు గదమ్మా."

"పోతే ఏమాయ? దినామూ ఆయప్పే ఖాళీ అని చెప్తాండాడని వీళ్ళే అంటిరి. నన్ను చూడకుండా ఆయప్ప పేల్చనిస్తాడా? అందుకే గదా నిమ్మళంగా పండుకున్యా."