సడ్డకుని బండి కంటే ఒక అంగుళం కిందికి

సూరత్‌లో లక్ష్మీరాజం తాతకు బాగుచేయరాని సాంచా లేదు, ఓర్వగలిగిన సడ్డకుడు లేడు. అట్లాగని పదిమంది సడ్డకులేమీ లేరు. ఉన్నది ఒక్కడు. ఆ ఒక్కణ్ణి ఓర్వడంలోనే తాత వయసంతా కరిగిపోయింది.

ఆ సడ్డకుడి పేరు సదానందం. తాత భార్య ఎల్లవ్వకు సొంత చెల్లెలు రాజవ్వ, ఆమె మొగుడు. ఇద్దరూ సిరిసిల్ల పక్క నుంచి ఒకే రైల్లో వచ్చి, ఉధ్నాలో ఒకే సేఠ్ దగ్గర పక్కపక్క మరమగ్గం సాంచాల మీద నిలబడినవాళ్ళే. తర్వాత తాత మిస్త్రీ అయ్యాడు. అంటే ఆగిన సాంచాలను కదిలించే మనిషన్నమాట. దానికి ఫలితంగా గోళ్ళలో నల్లటి నూనె, చెవుల్లో మందం, గోడాదరాలో రెండు గదుల ఇల్లు మిగిలాయి. సదానందం మాత్రం చీరల బేరంలోకి దిగి, మార్కెట్‌లో దుకాణం పెట్టి, తాపీ నది దాటి అడాజన్‌లో ఫ్లాటు కొన్నాడు. తాపీ మీద వంతెనలు ఎవరు కట్టమన్నారని తాత అప్పటి నుంచి ఆ వంతెనల మీద కూడా కోపంగానే ఉంటాడు.

సదానందం ఏసీ పెట్టించుకున్నాడంటే తాతకు వారం రోజులు నిద్రలో చెమటలు పట్టాయి. సదానందం కొత్త పళ్ళు కట్టించుకున్నాడంటే, తన సొంత పళ్ళు ఇంకా ఊడనందుకు తాత దిగులుపడ్డాడు.

"ఆయనకు జరమొస్తే నీకు గూడ రావాలె," అనేది ఎల్లవ్వ.

ఒకసారి వచ్చింది కూడా.

ఇవన్నీ తాత ఎట్లాగో మింగాడు. పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు జరిగినది మాత్రం గొంతులోనే అడ్డం పడింది. ఆ సాయంత్రం సదానందం తెల్లకారు గోడాదరా గల్లీలోకి వచ్చింది. ముందుభాగం కొద్దిగా లేచి, వెనకభాగం నేలను నాకుతున్నట్టు కిందికి దిగి, మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చింది. పక్కింటి సోమలింగం నోట్లో పాన్ నమలడం ఆపేశాడు.

"అబ్బ, ఎంత కిందికి దించిచ్చిండే! పైసలున్నోళ్ల బండ్లు గిట్లనే ఉంటయి మిస్త్రీ."

కిటికీ అద్దం దిగింది. "అక్కా, దా! బండ్ల సల్లగున్నది," అని రాజవ్వ పిలిచింది. ఎల్లవ్వ బంతిపూల బతుకమ్మను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, మొగుడి స్కూటర్ వైపు ఒక్కసారి చూసి, వెళ్ళి ఆ కారులో కూర్చుంది. తాత స్కూటర్ మీద వెనకాల పోయాడు. బతుకమ్మ ఆడే మైదానం దాకా అతనికి కనిపించింది రెండే: వెనక అద్దంలోంచి పెళ్ళాం కొప్పు, దాని కింద నేలకు అతుక్కున్న ఆ కారు.

ఆ ఏడు తిరక్కముందే తాత కారు కొన్నాడు. సేఠ్ తమ్ముడు వాడి వాడి వదిలేసిన పాత నీలం కారు. సేఠ్ టెంపో తోలిన చెయ్యి కాబట్టి నడపడం కొత్తగా నేర్చుకోనక్కర లేకపోయింది. గల్లీ అంతా వచ్చి చూసింది. ఎల్లవ్వ పసుపు కుంకుమ పెట్టింది. తాత ఒక్కడే దూరంగా నిలబడి తల అటూ ఇటూ వంచి చూశాడు. కారు ఎత్తుగా ఉంది. దాని కింద నుంచి కుక్క తోక ఎత్తుకొని పోవచ్చు.

మర్నాడే కారును ఉధ్నాలో మెకానిక్ రాజు దగ్గరికి తోలుకుపోయాడు. రాజు కూడా మనవాడే, జగిత్యాల పక్క.

"స్ప్రింగులు కోసి బండిని కిందికి దించాలె."

"ఎంత దించాలె కాకా?"

"మా సడ్డకుని బండి కంటే ఒక అంగుళం కిందికి."

ఆ బండి ఎత్తు తాతకు కచ్చితంగా తెలుసు. మొన్నొక పెళ్ళిలో దాని వెనక గొంతుక్కూచుని జానతో కొలిచాడు. కొలుస్తుండగా సదానందం వచ్చి, "ఏం పడ్డదే అన్నా?" అని అడిగితే, "అంగీ గుండీ," అన్నాడు. పాపం సదానందం కూడా వంగి కాసేపు ఆ గుండీని వెతికాడు.

రాజు స్ప్రింగులు కోశాడు. బండి కూచుంది. కోసి, "కాకా, బండి దిగినంక చక్రాల నిలబాటు మారిపోతది. ఇంటికి పోయేముందే అలైన్‌మెంట్ చూపించుకో. లేకుంటే బండి ఒకదిక్కు గుంజుతది, టైర్లు లోపలి పక్క అరిగిపోతయి," అని చెప్పాడు.

ఇక్కడే తాత మిస్త్రీతనం అడ్డం వచ్చింది. సాంచాను నిలబెట్టేటప్పుడు ఈ మూల నుంచి ఆ మూలకు పోగు కట్టి, దానికి ఆనించి వరుస చూస్తారు. తాత అట్లా నిలబెట్టిన సాంచాలు ఉధ్నాలో ఇంకా ఆడుతున్నాయి. "ఇన్ని సాంచాలు సీదా నిలబెట్టినోనికి నాలుగు చక్రాలు ఎంత పనిరా?" అని, ఇంటి ముందర కారు ఆపి, వెనక చక్రం నుంచి ముందు చక్రానికి గట్టి పోగు ఒకటి లాగి కట్టాడు. పోగు నాలుగు చోట్లా టైరుకు ఆనింది. ఒక కన్ను మూసి చూశాడు. రెండో కన్ను మూసి చూశాడు. సోమలింగంతో కూడా చూపించాడు.

"సీదా ఉన్నది," అన్నాడు సోమలింగం. అతను సాంచా నడిపేవాడు, అతనికీ పోగు మీదే నమ్మకం. చక్రాల పైభాగాలు లోపలికి వాలి, కారు పాలుతాగే దూడలా కాళ్ళు చాపి నిలబడ్డ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ కనబడలేదు. పోగు పక్కవరుస చెబుతుంది, వాలు చెప్పదు.

రోడ్డెక్కగానే కారు ఎడమకు గుంజింది. తాత స్టీరింగు కుడికి పట్టాడు. కారు ఇంకా గుంజింది. మొండి ఎద్దు పగ్గం పట్టినట్టు రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి తోలసాగాడు. పక్కన కూర్చున్న ఎల్లవ్వ తలుపు గట్టిగా పట్టుకుంది.

"ఏందయ్యా, బండి అటు పోతది?"

"రోడ్డు అట్లున్నది."

"రోడ్డు సీదానే ఉన్నది. నీ బండే మా చెల్లె ఇంటి దిక్కు గుంజుతున్నది." తలుపు వదలకుండానే అంది, "నీకంటే అదే నయం, దానికి చుట్టాల మీద ప్రేమ, పావురం ఉన్నది."

నెల తిరక్కుండానే టైర్ల లోపలి అంచులు నున్నగా అరిగాయి. ఇంతలో బతుకమ్మ పండుగ మొదలైంది. సద్దుల బతుకమ్మ రెండు రోజులుందనగా రాజవ్వ ఫోన్ చేసింది, కారు పంపాలా అక్కా అని. ఎల్లవ్వ ఫోను చేత్తో మూసి మొగుణ్ణి చూసింది.

"చెప్పు. ఏమనాలె?"

"మనకు కారు లేదా?"

"ఉన్నది. గుంజుతది గూడ. ఒళ్ళె బతుకమ్మ ఉండంగ బండి గుంజి, గౌరమ్మ ఒరిగిందనుకో, ఏడాదంతా నేను ఏడ్వాలె. ఎల్లుండికి నీ బండి సీదా పోతదా, నీ పక్కన కూచుంట. పోదా, మా చెల్లె బండ్ల పోత. గంతే."

తాత కళ్ళ ముందు పోయినేటి కొప్పు కదిలింది. మర్నాడు పొద్దున్నే కారు తీశాడు. సోమలింగం చూస్తే పోగు మీద పరువు పోతుందని గోడాదరా దగ్గరి దుకాణాలన్నీ వదిలేసి, ఉధ్నా అవతలి కొసన ఉన్న అలైన్‌మెంట్ దుకాణానికి పోయాడు. అక్కడ వరుసలో ముందర ఒక తెల్లకారు ఉంది. వెనకభాగం నేలను నాకుతోంది.

సదానందం తాతను చూసి ఉలిక్కిపడ్డాడు. తాత సదానందాన్ని చూసి ఉలిక్కిపడ్డాడు. అడాజన్‌లో తెలిసినవాళ్ళు చూస్తారని ఆయన ఏరు దాటి ఇటు వచ్చాడు మరి.

"ఏమన్నా, ఇటొచ్చినవ్?"

"గాలి కొట్టిచ్చుకుందామని. నువ్వు?"

"నేను గూడ గాలికే."

దుకాణం గుజరాతీ ఆయన తెల్లకారు వెనకభాగాన్ని అరచేత్తో ఒకసారి నొక్కాడు. "డిక్కీ ఖాలీ కరో కాకా. బరువుంటే కొలత తప్పొస్తది."

"ఏం లేదు భాయ్. అట్లనే చేసెయ్."

"ఏం లేకుంటే బండి ఎందుకు కూచున్నది?" అని ఆయన నవ్వుతూనే డిక్కీ తెరిచాడు.

లోపల చీరల మూటలు. నైలాన్ తాడుతో బిగించి, ఒకదాని మీద ఒకటి, పైకప్పు దాకా. వెనక సీటు కింద కూడా మూటలే. కుర్రవాళ్ళెవరూ లేకపోయేసరికి గుజరాతీ ఆయన తనే ఒక్కొక్కటి దించడం మొదలుపెట్టాడు. ఒక మూట దిగింది, కారు కొంచెం లేచింది. ఇంకోటి దిగింది, ఇంకొంచెం లేచింది. చివరి మూట దిగేసరికి తెల్లకారు ఒంటె లేచి నిలబడ్డట్టు నిలబడింది. కింద నుంచి కుక్క తోక ఎత్తుకొని పోవచ్చు.

తాత ఆ మూటలను చూశాడు. తెల్లకారును చూశాడు. పక్కన కడుపు నేలకు ఆనించుకున్న తన నీలం కారును చూశాడు. తాను స్ప్రింగులు కోయించుకున్నది చీరల బరువును చూసి!

నవ్వుదామనుకున్నాడు. సదానందం ముఖం చూశాక నవ్వు రాలేదు.

"మార్కెట్ల దుకాణం పోయిందే అన్నా," అన్నాడు సదానందం, మూటల తాళ్ళు సర్దుతూ. "అపార్ట్‌మెంట్ల సొసైటీ సొసైటీ తిరిగి డిక్కీల నుంచే అమ్ముతున్న. రాజవ్వకు తెల్వది. దుకాణానికే పోతున్ననుకుంటది. రేపు పండుగ. అందరు డిక్కీ తెరువుమంటరు, సద్దుల గిన్నెలు పెట్టాలె అంటరు. పోయినేడు తాళంచెవి పోయిందని తప్పించుకున్న. ఈసారి ఇయన్ని ఎక్కడ దాయాలె?"

తాత చాలాసేపు మీసం గోక్కున్నాడు. ఇన్నేళ్ళుగా కోరుకున్న వార్త ఇది. ఈ వార్త గోడాదరాకు చేరితే సోమలింగం మళ్ళీ పాన్ నమలడం ఆపేస్తాడు. రాజవ్వ ఏడుస్తుంది. రాజవ్వ ఏడిస్తే ఎల్లవ్వ ఊరుకోదు.

"నా బండ్ల ఎయ్యి," అన్నాడు చివరికి. "మా ఇంట్ల పెడ్త. సేఠ్ సరుకని చెప్త."

సదానందం కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, నీలం కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "నీ బండి చూసినకాంచి నాకు నిద్ర పడ్తలేదన్నా. ఏం దించిచ్చినవే! రాజవ్వ రోజు నన్ను పొడుస్తది. 'బావ బండి చిర్తపులి లెక్కున్నది, నీది బర్రె లెక్కున్నది' అని."

అది విన్నాక తాత బతుకులో కొద్దిసేపు, అంటే ఒక చాయ్ తాగేంతసేపు, అసూయ అనేదే లేకుండా పోయింది. తర్వాత అలైన్‌మెంట్ మిషన్ తెరమీద అంకెలు వచ్చాయి. చక్రాలకు అద్దాలు బిగించి, బోల్టులు వదులుచేసి, తిప్పి, బిగిస్తూంటే ఎర్రటి అంకెలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. సదానందం బండికి అన్నీ పచ్చగా వచ్చాయి. తాత బండికి మాత్రం వెనక చక్రానిది ఒక అంకె ఎర్రగానే మిగిలింది.

"స్ప్రింగు కోసిన బండికి గింతకంటే రాదు కాకా. సీదా పోతది, ఫికర్ చెయ్యకు," అన్నాడు గుజరాతీ ఆయన.

"ఆయనకు అన్ని పచ్చగొచ్చినయి గదా?" అన్నాడు తాత, ముఖం ముడుచుకుని.

సద్దుల బతుకమ్మ నాడు ఎల్లవ్వ నీలం కారులో, ముందు సీటులో, మొగుడి పక్కన కూర్చుంది. ఒళ్ళో మూరెడు బతుకమ్మ, పైన పసుపు గౌరమ్మ. తాత రోడ్డు మీదికి రాగానే స్టీరింగు మీద నుంచి ఒక చెయ్యి తీశాడు. బండి సీదా పోయింది. రెండో చెయ్యి కూడా తీయబోతే ఎల్లవ్వ మోచేత్తో పొడిచింది. "సాలు, సూసిన."

ముందర తెల్లకారు ఖాళీ డిక్కీతో తేలికగా పోతోంది. మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. తెల్లకారు హాయిగా ఎక్కి దిగింది. నీలం కారు ఎక్కింది, కడుపు కింద కర్రుమని చప్పుడైంది, అక్కడే ఆగింది. గౌరమ్మ ఊగింది. ఎల్లవ్వ రెండు చేతులా బతుకమ్మను పొదివి పట్టుకుని, మెల్లగా తలుపు తీసి, కిందికి దిగింది. బరువు తగ్గగానే కారు బ్రేకర్ దాటింది.

తెల్లకారు ఆగింది. కిటికీలోంచి రాజవ్వ తల బయటపెట్టింది. "అక్కా, మా బండ్లకు దా! ఇది ఎత్తున్నది!"

తాత స్టీరింగు పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. పక్కకు చూసే ధైర్యం లేదు. తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. తన కారు తలుపే.

"వద్దే," అని ఎల్లవ్వ చెల్లెలికి కేక వేసింది. "సీదా పోతె కూచుంటనన్న. సీదానే పోతున్నది. మధ్యలో దిగుడు గురించి ఒప్పందం లేదు."

మైదానం దాకా అట్లాగే పోయారు. బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఎల్లవ్వ బతుకమ్మతో దిగుతుంది, కారు దాటుతుంది, ఎల్లవ్వ ఎక్కుతుంది. చూసినవాళ్ళు అదేదో మొక్కు అనుకున్నారు. తాత ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. మైదానం దగ్గర ఆడవాళ్ళంతా బతుకమ్మలు దించి చుట్టూ చేరారు. మగవాళ్ళు కార్ల దగ్గర నిలబడ్డారు. అక్కడ సోమలింగం తెల్లకారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అబ్బ, ఎంత ఎత్తు చేపిచ్చిండే! బ్రేకర్ల మీద ఎట్ల ఎగిరిందో చూసినవా మిస్త్రీ? పైసలున్నోళ్ల బండ్లు గిట్లనే ఉంటయి."

తాత నోరు తెరిచాడు. నాలుక చివర చీరల మూటలన్నీ వరుసగా నిలబడ్డాయి. ఎదురుగా రాజవ్వ అక్క పక్కన చప్పట్లు కొడుతూ నవ్వుతోంది. సదానందం దూరం నుంచి తాత నోటివైపే చూస్తున్నాడు. తాత నోరు మూశాడు. కడుపులో మాత్రం పాత మంట, పాత చోటునే, హాయిగా రాజుకుంది.

దసరా వెళ్ళిన మర్నాడు నీలం కారు మళ్ళీ రాజు ముందర ఆగింది.

"కొత్త స్ప్రింగులు వేసి ఎత్తాలెరా."

"ఎంత ఎత్తాలె కాకా?" అన్నాడు రాజు, నవ్వు ఆపుకుంటూ. తాత చెప్పకముందే తనే చెప్పాడు, "మీ సడ్డకుని బండి కంటే ఒక అంగుళం పైకి. ఎత్తుత గానీ, మల్ల అలైన్‌మెంట్ చూపించుకోవాలె. పోగు కట్టొద్దు."

"చూపించుకుంట," అన్నాడు తాత. "ఈసారి నా బండికి గూడ అన్ని పచ్చగ రావాలె."