పన్నుకు క్యూరింగ్

ఆ రోజుల్లో మాదాపూర్ చుట్టూ ఏ అద్దాల మేడ లేస్తున్నా అందులో మా చేతి సిమెంటు ఉండేది. నేను అప్పుడే కూలీ నుంచి మేస్త్రీనయ్యాను. మేస్త్రీకి తెలియనిది లోకంలో ఉండదని నా గట్టి నమ్మకం. (చదువు నాకు జుట్టు నెరిశాక వచ్చింది. బుద్ధి ఇంకా వస్తూనే ఉంది.) చువ్వలకు కట్టే ఇనుప తీగను పళ్లతో మెలిపెట్టబోయి ముందు పన్ను ఊడగొట్టుకున్నాను. అప్పటికే పెళ్లి కుదిరి ఉంది. సైటులో పోయిన పన్ను కాబట్టి కంట్రాక్టరే నన్ను పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆమె పన్ను పోయిన చోట దవడ ఎముకలో స్క్రూ లాంటి మర బిగించి, "ఇది ఎముకలో అతుక్కోవడానికి కొన్ని నెలలు పడుతుందండి. ఆ తర్వాతే పైన పన్ను పెడతాను. ఒకసారి పట్టు దొరికిందంటే చాలా ఏళ్లు ఉంటుంది" అంది.

పట్టు అనగానే నాకు అంతా అర్థమైపోయింది. స్లాబు పోశాక గట్టిపడడానికి రోజూ నీళ్లు పెట్టి తడుపుతాం కదా, ఆ క్యూరింగే ఇదీ! మిగతా జాగ్రత్తలు వినకుండానే లేచి వచ్చాను. బోరబండలో ఇల్లు చేరింది మొదలు నోటినిండా నీళ్లు పట్టడం, పుక్కిలించడం, ఉమ్మడం, మళ్లీ పట్టడం. సరిగ్గా ఆ సాయంత్రమే కాబోయే మామ వచ్చాడు.

"ఏం పిల్లగా, మంచిగున్నవా?"

తలూపాను.

"పని ఎట్ల నడుస్తుంది?"

మళ్లీ తలూపాను.

మామ మా అమ్మ వైపు తిరిగాడు. "ఏందమ్మా, పిల్లగాడు మాట్లాడడు? లగ్గం ఇష్టం లేదా ఏంది?"

"నోరు తెరువురా! జర చెప్పు, పిల్ల నచ్చిందని!" అంటూ అమ్మ వీపు మీద ఒక్కటి చరిచింది.

చెప్పాను. నెత్తురు కలిసిన నీళ్లతో సహా, మామ తెల్ల ధోవతి మీద చెప్పాను.

"ఈనకు రోగమేందో తెల్వనిదే లగ్గం ముచ్చట ఎత్తకుండ్రి" అని మామ లేచాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరికే లాక్కుపోయాను. ఆమె దూది అదిమిపెట్టి, సంగతంతా విని, నవ్వాపుకుంటూ అడిగింది: "మేస్త్రీ గారూ, స్లాబు పోసిన వెంటనే పైపు పెట్టి నీళ్లు కొడతారా?"

"కొట్టమమ్మా. పచ్చిది కొట్టుకపోతది."

"మరి ఈ పుండు పచ్చిది కాదాండీ? ఇవాళ పుక్కిలించొద్దని చెబితే విన్నారా? అదృష్టం బాగుండి మర కదల్లేదు. కదిలితే పెళ్లిలోగా మీకు పన్ను లేనట్టే."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "రోగం లేదు. తెలివే జర ఎక్కువైంది. పిల్లనిస్త తియ్" అన్నాడు.

ఆ మర ఈనాటికీ కదల్లేదు. పైనున్న పన్ను అరిగితే ఒకసారి మార్చారు, అంతే. చిగుళ్లు శుభ్రంగా ఉంచుకుంటాను, డాక్టరుకు చూపించుకుంటాను. అటూ ఇటూ ఉన్న నా సొంత పళ్లే ముందు సెలవు తీసుకున్నాయి. పెళ్లి ఫొటోలో మాత్రం మా ఆవిడ హాయిగా నవ్వుతుంటే, నేను కొత్త పన్ను ఊడిపడుతుందేమోనని పెదాలు బిగించి నిలబడ్డాను. ఆ ఫొటో చూసినప్పుడల్లా ఆ పిల్లగాడి భుజం తట్టి, "నవ్వరా, ఏం కాదు" అనాలనిపిస్తుంది.