మూడు వాతలు

1983. అనంతపురంలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. కరెంటూ నీళ్లూ వంతులేసుకుని వచ్చే ల్యాబ్ అది.

ఒక ఉదయం ధర్మవరం నుంచి ఒక అవ్వ పదకొండేళ్ల మనవరాలు పద్మను తీసుకొచ్చింది. మగ్గానికి దారపు కండెలు చుట్టిపెట్టే పిల్ల. జ్వరం, మణికట్టు వాపు. డాక్టరుగారు ఏఎస్ఓ పరీక్ష రాశారు. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ క్రిమితో ఒళ్లు ఈమధ్య పోరాడిందా అన్నది రక్తంలో చూసే పరీక్ష అది. ఆ గొంతునొప్పి తగ్గాక కొందరు పిల్లలకు రుమాటిక్ ఫీవర్ వస్తుంది. కీళ్లనొప్పులు వాటంతటవే పోతాయి, గుండె కవాటాలు మాత్రం చెడిపోవచ్చు. ముందే కనిపెడితే పెన్సిలిన్‌తో మళ్లీ రాకుండా ఆపవచ్చు.

చిక్కేమిటంటే, ఏఎస్ఓ ఎక్కువ ఉన్నంత మాత్రాన ఆ జబ్బేనని తేలదు. మామూలు గొంతునొప్పికీ పెరుగుతుంది. నొప్పి ఒక కీలు వదిలి ఇంకో కీలుకు పాకిందా అన్నది డాక్టరుకు తెలియాలి. ఆయన అడిగితే అవ్వ, "ల్యాదు సార్, ఈ చెయ్యొకటే" అన్నదట.

రక్తం తీయడానికి చెయ్యి చాపమన్నాను. మణికట్టుకు చుట్టిన గుడ్డ విప్పితే పచ్చి వాత. కొడవలి కాల్చి పెట్టారు. నాకు ఒళ్లు మండింది. తిట్టడంలో నేనేమీ తక్కువ తినలేదు. కానీ చేతిలో సూది, ఎదురుగా వణికే పిల్ల. నోరు మూసుకుని రక్తం తీశాను. అంతలో అవ్వ గబగబా పిల్ల లంగా కిందికి లాగడం కంటపడింది.

"తిట్టనులే అవ్వా, చూపించు."

"పోయిన తూరి ఇంకో ఆస్పత్రిలో వాత చూసి, మీరు మనుషులా పశువులా అనిరి తల్లీ. అందుకే ఈడ చెప్పల్యా. మొదట మోకాలు వాచె. వాత పెడితిమి, తగ్గె. ఆమీట చీలమండకు దిగె. ఆడా పెడితిమి, ఆడా తగ్గె. ఇప్పుడు చేతికొచ్చిండాది. వాతకు బెదిరి పరిగెత్తుతాండాది చూడు!"

మోకాలి వాత మాని నల్లబడింది. చీలమండది ఇంకా పొక్కు కట్టి ఉంది. ఈ జబ్బులో నొప్పి తనంతట తానే కీలు మారుతుంది. వాతే తరిమిందని అవ్వ నమ్మడంలో వింతేముంది?

స్లైడు మీద, రక్తం నుంచి వేరుచేసిన సీరం చుక్కలో లేటెక్స్ అనే పరీక్ష ద్రావకం కలిపి ఊపితే విరిగిన పాలలా ముద్దలు కట్టింది. పాజిటివ్. రిపోర్టుతో పాటు పిల్లనూ తీసుకెళ్లి వాతలు డాక్టరుగారికి చూపించాను. ఆయన చాలాసేపు గుండె విని, "రుమాటిక్ ఫీవరే. ఇంకా గుండెకు తగల్లేదు" అన్నారు. నాకు ప్రాణం కుదుటపడింది. మూడు వారాలకొక పెన్సిలిన్ ఇంజెక్షన్ రాశారు, ఏళ్ల తరబడి.

నొప్పి పోయాక ఎవరొస్తారులే అనుకున్నాను. అవ్వ ఒక్క విడత తప్పించలేదు. ఆ ఇంజెక్షన్ మహా నొప్పి. పిల్ల ఏడుస్తుంటే, "ఓర్చుకో పాపా, ఇదీ వాతే. మంట పెట్టకుంటే జబ్బు పోతాదా?" అనేది. నేను సరిదిద్దలేదు. ఆ నమ్మకమే పిల్లను బస్సెక్కించి తెస్తోంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. సూది పట్టేవాళ్లకు అది ఇంకాస్త అవసరం. ముందు అడగాలి, తిట్టడానికి తర్వాత బోలెడు టైముంటుంది. చివరిసారి చూసేనాటికి పద్మ సొంతంగా చీర నేస్తోంది. గుండె చక్కగా ఉంది. ఒంటిమీద వాతలు మూడే. నాలుగోది పడలేదు.