నా ఎత్తుకు దించిన మైకు

మా పక్కింటాయన మంగళవారం పొద్దున పోయారు. మా మనవరాలు ఆ మాట చెప్పగానే నేను అడిగింది, "గ్యారేజీకి తాళం వేశారా?" అని. ఆయన వాయిద్యాలన్నీ అందులోనే ఉంటాయి మరి, ఎవరైనా ఎత్తుకుపోతే?

పెద్దగా చదువుకున్నదాన్ని కాను, తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. రాయకపోతే మనసు కుదురుగా ఉండటం లేదు.

ఈ పరాయి దేశంలో, మౌంట్ ఆల్బర్ట్ అనే పేటలో, మా రెండిళ్లకీ మధ్య చెక్క కంచె ఒక్కటే అడ్డం. ఆయన మావోరీ మనిషి, అంటే ఇక్కడి మూలవాసి, బస్సు నడిపి రిటైరయ్యారు. వాన మొదలైతే నేను వచ్చేలోపే కంచె మీంచి మా బట్టలు అందుకుని తన గ్యారేజీలో ఆరేసేవారు. శనివారం మధ్యాహ్నం ఆ తలుపెత్తి, రెగే అనే తూగు సంగీతంలో తాను కట్టిన బాణీ పెట్టేవారు. ఎప్పుడూ అదే బాణీ. దానిమీద ఒక వారం ఒకాయన, ఇంకో వారం ఇంకొకావిడ పాడిపోయేవారు. నాలుగు వారాలు విని, ఉండబట్టలేక మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను.

"అయ్యా, మీ బాణీ అందరూ కాజేస్తున్నారు. కాస్త చూసుకోండి!"

మనవరాలు ఇంగ్లీషులో చెబితే ఆయన కడుపు పట్టుకుని నవ్వారు.

"అమ్మమ్మా, దొంగతనం కాదంట. రెగేలో అంతేనంట. మ్యూజిక్ ఒకటే, దాన్ని రిడిమ్ అంటారు. ఎవరి పాట వాళ్లు పాడుకుంటారంట."

నాకు ఊడ్పులు గుర్తొచ్చాయి. చేలో మేమూ అంతే. వరస ఒకటే, ఒకతె మొగుడి మీద మాటలు కట్టేది, ఒకతె అత్త మీద. అది చెబితే ఆయన నవ్వు ఆపి, మైకు కర్రను నా నోటి దాకా దించారు.

"సింగ్, ఆంటీ."

జలుబన్నాను. మరుసటి వారం, నలుగురూ నవ్వుతారన్నాను. ఆ తర్వాత, పొయ్యి మీద పప్పుందన్నాను.

"నీ టర్న్ అలాగే ఉంచాడంట, కంగారు పడొద్దంట," అనేది మనవరాలు. కంగారు పడకుండా నేనెప్పుడున్నాను?

ఆయన్ను సాగనంపాక వచ్చిన శనివారం, వాళ్లమ్మాయి గ్యారేజీ తలుపెత్తి అదే బాణీ పెట్టింది. పాడేవాళ్లంతా వచ్చారు. అందరూ తాటిచెట్టంత మనుషులే. మైకు మాత్రం నా ఎత్తులోనే ఉంది. ఒకాయన పైకి లేపబోతే ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. అందరూ నడుం వంచే పాడారు.

చివరికి పాట ఆగింది, బాణీ ఆగలేదు. అందరూ నావైపు చూశారు.

"వెళ్లు అమ్మమ్మా."

"పొయ్యి ఆపానో లేదో..."

"నేను ఆపాను. వెళ్లు!"

నేను వంగక్కర్లేకపోయింది. ఊడ్పుల పాట మొదటి చరణం గట్టెక్కింది, రెండోదాంట్లో మాటలు మరిచిపోయాను. వెనకనున్నవాళ్లు భాష తెలియకపోయినా ఊ కొట్టారు, చేలో ఆడవాళ్లు అందుకున్నట్టే. నాకు ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు. గోడవారన, పోయిన వానకి ఆయన ఆరేసిన నా చీర ఇంకా తాడు మీదే ఉంది. బాణీలో బేస్ దరువు మోగినప్పుడల్లా దాని అంచు అదురుతోంది.