సాజిదా తీసేసిన డిజైన్లు

ఏలూరులోని ఆ తివాచీల కంపెనీలో కంప్యూటర్లన్నీ సాజిదా చేతిమీదే నడుస్తాయి. శనివారం వచ్చిందంటే బీరువాలోంచి బ్యాకప్ డిస్కు తీసి, చున్నీ అంచుతో తుడిచి మరీ సర్వర్‌కి తగిలిస్తుంది. డిస్కు నిండిపోయిందని సర్వర్ మొరాయిస్తే, ఒకే డిజైనుకున్న రెండో కాపీ, మూడో కాపీ వెతికి తీసేస్తుంది తప్ప అసలుది ముట్టుకోదు. అలా మూడేళ్లు నెట్టుకొచ్చింది. ఈ శనివారం తీయడానికి కాపీలు కూడా మిగల్లేదు. "పదేళ్లుగా ఆర్డరు రానివి తీసెయ్యమ్మా. వాటికోసం ఇంకో డిస్కా?" అన్నారు యజమాని మల్లేశ్వరరావు గారు.

గీసినవాళ్లని అడక్కుండా తీయడం సాజిదాకి చేతకాదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. కొందరు ఉంచమని బతిమాలారు. కొందరు పోయారని ఇంట్లోవాళ్లు చెప్పారు. వాళ్లవి తీయడానికి మనసొప్పలేదు. చివరికి కాలేషా పేరున్న ఫోల్డరు మిగిలింది. ఆయన ఆమె తండ్రి; తను గీసిన డిజైన్లని తనే మగ్గం మీద ముడి ముడిగా నేసేవారు. చూపు మందగించి మగ్గం వదిలేసి ఆరేళ్లయింది. అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగింది. "అబ్బాజాన్, మీ డిజైన్లు ముప్పై ఎనిమిదున్నాయండీ. తీసెయ్యమంటారా?"

"తీసెయ్ తల్లీ. నా వేళ్లకి గుర్తున్నాయిలే."

తీసేసింది. బ్యాకప్ పూర్తయింది. సాయంత్రం ఆమె ఇంటికెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని, దుప్పటి అంచు కుచ్చులకి వరసగా ముడులు వేస్తున్నారు. సాజిదా గుమ్మంలోనే ఆగి చూసింది. మూడో వరసలో వేళ్లు ఆగిపోయాయి. కాసేపు తడుముకున్నాయి. ముడులన్నీ విప్పేసి, ఆయన మళ్లీ మొదటి వరస ఎత్తుకున్నారు.